వట్టి బిళ్ళ

జూన్ 3, మంగళవారం

అల్లుడి పుండు రిపోర్టు వచ్చింది. వరుసగా పదిహేడు మందుల పేర్లు. పదహారింటికి ఎదురుగా ‘లొంగదు’ అన్న గుర్తు. పదిహేడోదానికి మాత్రం పుండులోని సూక్ష్మజీవి లొంగుతుందట. ఆ మందు ఆస్పత్రిలో పడుకోబెట్టి ఆరు వారాలు నరంలోకి ఎక్కించాలి. కాలి ఎముకకు వేసిన స్టీలు పట్టీ తీసేయాలి. కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం కొంత ఉందని ఎముకల డాక్టరు దాచకుండా చెప్పాడు.

కిడ్నీలు అన్న మాట దగ్గరే మా అల్లుడి చెవులు మూసుకుపోయాయి. వాళ్ళన్నయ్య రెండేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను పక్కన పడుకుని పడుకుని పోయాడు. తీసుకెళ్ళింది, తీసుకొచ్చింది ఈయనే.

“కుంటి కాలితోనైనా క్లచ్ నొక్కచ్చు అత్తయ్యగారూ. కిడ్నీ పోతే ఏది నొక్కినా బండి కదలదు” అన్నాడు.

డ్రైవింగ్ స్కూలు నడిపేవాడికి లోకమంతా బండిలాగే కనిపిస్తుంది. ఫిబ్రవరిలో కారు నేర్చుకుంటున్నవాడొకడు ముందుకు పోవలసింది వెనక్కు పోనిచ్చి, వెనక నిలబడి సైగలు చేస్తున్న గురువుగారిని గోడకేసి నొక్కేశాడు. అప్పుడు విరిగిన కాలే ఇది.

అమ్మాయి మాత్రం “డాక్టరు చెప్పింది చేద్దాం” అంది. దానికెప్పుడూ తొందరే.

జూన్ 5, గురువారం

మనవరాలు ఒక ఆలోచన చెప్పింది. మూడేళ్ళుగా యూనివర్సిటీ ల్యాబులో అది చేస్తున్న పని ఇదే. మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద ఆకుల రసాలు పనిచేస్తాయేమో చూడటం. ఇప్పటికి పంతొమ్మిది మొక్కలయ్యాయి. ఒక్కటీ పనిచేయలేదు. దాని మొహం చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. మాటలు కుట్టినట్టుంటాయని చిన్నప్పుడు నేను పెట్టిన కందిరీగ అన్న పేరుకు ఈమధ్య తగినట్టు కూడా లేదు.

“ఆస్పత్రి ల్యాబులో ఉన్న స్నేహితురాలిని బతిమాలి నాన్న పుండులోని సూక్ష్మజీవినే తెచ్చుకున్నాను అమ్మమ్మా” అంది. “అందరూ నాన్న దగ్గర్నుంచి ఆస్తి తెచ్చుకుంటారు. నా రాత ఇలా ఉంది.”

ఏ ఆకు పెట్టమంటావని అడిగింది. గడ్డిచామంతి అన్నాను. ముప్పై నాలుగేళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. బడిలో పిల్లలు మోకాళ్ళు చీరుకుంటే ఆ ఆకు నలిపి కట్టించేదాన్ని. మా ఇంటి వెనక ఖాళీ స్థలం నిండా అదే. ఎవరూ వేయలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు.

“సరే, ఇరవయ్యో మొక్క నీ పేరు మీద” అంది.

జూన్ 11, బుధవారం

ల్యాబుకు వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చాను.

పొడుగాటి గది. కిటికీలకు కాగితాలు అంటించారు. రాతి బల్ల మీద గాజు పళ్ళేలు దొంతర్లు. పళ్ళెంలో జిగురు, దాని మీద అద్దానికి ఊపిరి తగిలినట్టు తెల్లటి మసక. ఆ మసకే మా అల్లుడి పుండులోని సూక్ష్మజీవి. ఎండబెట్టిన ఆకును స్పిరిట్‌లో నానబెట్టి రసం దింపుతారు. ఆ రసంలో ముంచిన చిన్న కాగితం బిళ్ళల్ని మసక మీద పెడతారు. రసానికి బలముంటే బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవి పెరగక గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది.

ఏర్పడింది. ఐదు బిళ్ళలకు ఐదు వలయాలు. కడిగిన అద్దంలా ఉన్నాయి. నా స్కేలు తీసి కొలిచాను. పద్నాలుగు మిల్లీమీటర్లు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత చెప్పినవాణ్ణి తీసుకొచ్చి ఈ పళ్ళెం ముందు కూర్చోబెట్టాలి.

మనవరాలి పరిశోధన గైడు వచ్చాడు. జుట్టుకు రంగు, చేతికి రెండు ఉంగరాలు. “ఆకు అమ్మమ్మగారు మీరేనా!” అన్నాడు. నేను వట్టి బిళ్ళ ఏదని అడిగాను. ఆకు రసం లేకుండా ఉత్త స్పిరిట్‌లో ముంచిన బిళ్ళ ఒకటి పక్కన పెట్టాలి. దాని చుట్టూ కూడా వలయం వస్తే ఆ గొప్ప స్పిరిట్‌ది, ఆకుది కాదు. అది లేని ప్రయోగానికి నేను ఎప్పుడూ మార్కులు వేయలేదు.

“అది ఎప్పుడో పెట్టి చూశాంలెండి” అన్నాడు గైడు. “పళ్ళేనికి ఐదు బిళ్ళలే పడతాయి. ప్రతిసారీ దానికో చోటు దండగ కదా టీచరుగారూ?”

కొత్త బిళ్ళలు ఫ్యాను కింద ఆరుతున్నాయి. ఆరబెట్టే పెట్టె చెడిపోయి చాలా కాలమైందట. ఇంకా తడిగా మెరుస్తున్నాయి.

వలయాన్ని మళ్ళీ కొలిచాను. పద్నాలుగే.

జూన్ 12, గురువారం

ఆస్పత్రిలో చేరమని గాని, వద్దని గాని నేను అనలేదు. రెండు వారాలు చూద్దామన్నాను, అంతే. ఆయనకు పెద్దవాళ్ళ మాటంటే గౌరవం. సరేనన్నాడు.

అమ్మాయి గిన్నెలు గట్టిగా కడుగుతోంది.

“అమ్మా, గాజు పళ్ళెం వేరు, మనిషి కాలు వేరు.”

“నేను చదువు చెప్పిన నలభై మంది డాక్టర్లయ్యారు. నాకు చెప్పకు.”

“ఆ నలభై మందిలో ఒక్కరిని అడుగు మరి.”

అడగవలసిన అవసరం కనిపించలేదు.

జూన్ 20, శుక్రవారం

రోజూ పొద్దున్న ఆకు కోసి, కడిగి, నూరి, స్పిరిట్ కలిపి, వడకట్టి, గుడ్డ తడిపి కడుతున్నాను. కట్టే ముందు పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి అంచు గీస్తాను. దాన్ని గళ్ళ కాగితం మీద పరిచి గళ్ళు లెక్కపెడతాను. ఆకు వైశాల్యం ఇలాగే కొలవాలని పిల్లలకు నేర్పేదాన్ని. మొదటి రోజు 412 గళ్ళు. ఈరోజు 260.

“ఎంత తగ్గింది అత్తయ్యగారూ?” అని అల్లుడు పరీక్ష రాసిన పిల్లాడిలా అడుగుతాడు. చెబితే మొహం వెలుగుతుంది. ఈ ఇంట్లో అతను నన్ను ఇంత ఇష్టంగా పిలవడం ఇదే మొదలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా మధ్య ‘భోంచేశారా’, ‘చేశాను’ తప్ప వేరే మాట లేదు.

జూన్ 27, శుక్రవారం

118 గళ్ళు. కందిరీగ తన గైడుకు చెప్పిందట. ఆయన నాకు నమస్కారాలు పంపాడు.

జూన్ 29, ఆదివారం

అల్లుడికి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. ఊళ్ళో అందరికీ జలుబులు.

జూలై 2, బుధవారం

జ్వరం లేదు. పొద్దున్న చూశాను. సాయంత్రం చూడలేదు.

జూలై 5, శనివారం

సున్నా. పుండు పూర్తిగా మూసుకుంది. గులాబీరంగు కొత్త చర్మం. అమ్మాయిని పిలిచి చూపించాను. అది చూసి, చర్మం మీద వేలు పెట్టి, “ఇక్కడ ఇంత వేడిగా ఎందుకుందమ్మా?” అంది.

కొత్త చర్మానికి రక్తం ఎక్కువ పారుతుంది. ఆ సంగతి చెప్పాను.

జూలై 9, బుధవారం

మధ్యాహ్నం కుర్చీలోంచి లేవబోయి పడిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. తొడ దాకా వాచింది. మాటలు తడబడుతున్నాయి. నాతో “రివర్స్ గేరు వేయకు, వేయకు” అంటున్నాడు. అంబులెన్సులో అమ్మాయి ఎక్కింది. నన్ను ఎక్కనివ్వలేదు.

జూలై 10, గురువారం

ఎముకల డాక్టరు మమ్మల్ని తన గదిలోకి పిలిచి నిలబెట్టే మాట్లాడాడు. పైన చర్మం మూసుకుంది గాని లోపల స్టీలు పట్టీ చుట్టూ చీము నిండిందట. బయటికి దారి లేక ఎముకలోకీ, రక్తంలోకీ పోయిందట. పుండు తెరిచి ఉన్నా కొంత బయటికి పోయేదేమోనన్నాడు.

“ఈ మధ్యలో ఏం వాడారు?” అన్నాడు.

నేను చెప్పాను. వలయం సంగతీ చెప్పాను.

“చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నానమ్మా. ఆకులు పట్టుకుని చేతులు కాల్చుకోవడం ఇప్పుడే చూస్తున్నాను” అన్నాడు.

నా కొడుకు వయసుంటుంది. నా జీవితంలో ఎవరూ నాతో అలా మాట్లాడలేదు.

జూలై 11, శుక్రవారం

తీసేశారు. మోకాలికి పైన.

జూలై 16, బుధవారం

ఆ పదిహేడో మందే ఇప్పుడు ఎక్కిస్తున్నారు. కాలే తీసేశారు గనక ఆరు వారాలు అక్కర్లేదు, రెండు చాలట. కిడ్నీలు బాగానే ఉన్నాయి.

జూలై 30, బుధవారం

అల్లుడు ఇంటికి వచ్చాడు. ముందుగది మంచం కిటికీ పక్కకు జరిపాము. ఖాళీ ప్యాంటు కాలు మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు. కట్టు విప్పేటప్పుడు అమ్మాయిని తప్ప ఎవరినీ గదిలో ఉండనివ్వడు.

నా మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. “తప్పు మీది కాదు అత్తయ్యగారూ, నాదే. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి ఉంటే ఆ ఆకు పనిచేసేది. ఆలస్యం చేశాను. చర్మాన్ని మూయించిన ఆకు, ఎముకను బాగుచేయదా?” అన్నాడు.

నేను దుప్పటి సరిచేశాను.

అమ్మాయి నాతో అవసరమైన మాటలు మాట్లాడుతోంది. అవి రోజుకు ఆరేడు ఉంటాయి.

ఆగస్టు 12, మంగళవారం

కందిరీగ ల్యాబు నుంచి పెందలాడే వచ్చేసింది. చేతులు కూడా కడుక్కోకుండా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. గడ్డిచామంతి మీద వాళ్ళ వ్యాసం వేసుకోబోయే పరిశోధన పత్రికవాళ్ళు వట్టి బిళ్ళ ఫోటో పంపమన్నారట. పాత ఫోటో కనిపించక, మొన్న కొత్తగా పెట్టి చూసిందట.

“వలయం వచ్చింది అమ్మమ్మా” అంది.

“ఎంత?”

“పద్నాలుగు.”

బిళ్ళలు పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ పెట్టిందట. అప్పుడు ఏ బిళ్ళకూ వలయం లేదు. ఆకు బిళ్ళకూ లేదు, వట్టి బిళ్ళకూ లేదు. ఇన్నాళ్ళూ సూక్ష్మజీవిని చంపింది తడి స్పిరిట్. ఫిబ్రవరిలో మొదలుపెట్టినా జరిగేది ఇదే.

“మరి ఎప్పుడో పెట్టి చూశామన్నాడుగా మీ గైడు?”

“నేను చేరకముందు చేశారనుకున్నాను. ఆయనేమో నేను చేశాననుకున్నాడట.” పీట ముందుకు జరుపుకుని, “ఇప్పుడేమంటున్నాడో తెలుసా? వేరే పళ్ళెంలోంచి వలయం లేని బిళ్ళ ఫోటో తీసి అతికించమంటున్నాడు” అంది.

“నువ్వేమన్నావు?”

“మూడేళ్ళు అమ్మమ్మా. పంతొమ్మిది మొక్కలు. ఈ ఒక్కటీ పోతే నాకు డిగ్రీ లేదు.” నా మోచేయి పట్టుకుంది. “నాన్నకు మాత్రం చెప్పకు. ఆయన ఆ ఆకును పట్టుకునే లేచి కూర్చుంటున్నాడు.”

చెప్పనన్నాను. అది అన్నది నిజమే కదా, చెప్పి ఏం లాభం? పోయిన కాలు వస్తుందా? మనసు కూడా విరిచినట్టవుతుంది. ఇది ఆయన మేలు కోరే చేస్తున్నాను.

ఆగస్టు 13, బుధవారం

ఆయన మేలు కోరే.

ఆగస్టు 30, శనివారం

పేపర్లో పడింది. అతికించిన ఫోటోయే పత్రికకు వెళ్ళిందన్నమాట. ‘కలుపు మొక్కతో మొండి సూక్ష్మజీవికి కళ్ళెం’. గైడు, కందిరీగ, మధ్యలో గాజు పళ్ళెం. అల్లుడు దాన్ని కత్తిరించి, ప్లాస్టిక్ తొడిగించి, మంచం ఎదురుగోడకు పెట్టించాడు. కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ చెబుతున్నాడట. “నాలాగా ఆలస్యం చేయకండి” అంటున్నాడట.

అమ్మాయి సంతోషించాలో మానాలో తెలియక నా వైపు చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

సెప్టెంబరు 17, బుధవారం

ఉదయం గేటు దగ్గర ఒక ఆమె. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో ఖాళీ సంచి. భర్త ఇళ్ళకు రంగులు వేస్తాడట. నిచ్చెన మీదినుంచి పడి పాదం పగిలిందట. పుండు ఏ మందుకూ లొంగడం లేదని, ఆస్పత్రిలో చేరి సూదులు వేయించుకోవాలని చెప్పారట.

“మీ అబ్బాయిగారు ఆస్పత్రిలో చెప్పారమ్మా. ఆ ఆకు మీ వెనకాలే ఉందంట కదా. కాస్త ఇప్పించండి. ఎలా కట్టాలో చెబితే చాలు.”

“అది పనికిరాదు. ఆస్పత్రిలో చేర్చు” అన్నాను.

“పేపర్లో వేశారు కదమ్మా?”

“పేపర్లో చాలా వేస్తారు. పనికిరాదన్నాను కదా, వెళ్ళు.”

అలా కాకుండా కూర్చోబెట్టి చెప్పవలసింది. పిల్లలకు ఒకసారి చెబితే చాలని అలవాటు పడిన నోరు. ఆమె మొహం మారిపోయింది.

“మీకు కావలసినప్పుడు కోసి కోసి వాడుకున్నారు. మా దాకా వచ్చేసరికి పనికిరాకుండా పోయిందా? ఊరికే పెరిగే గడ్డికి కూడా ఇంత పిసినారితనమా తల్లీ!”

కిటికీలోంచి అల్లుడు కేకేశాడు. “ఇవ్వండి అత్తయ్యగారూ, ఏం పోయింది? లోపలికి రామ్మా, నేను చెబుతాను.”

“అల్లుడుగారూ, అది పనిచేయదు.”

“మీరే కదా కొలిచారు?”

“నేను కొలిచింది స్పిరిట్‌ని. ఆకులో ఏమీ లేదు. ఉత్త స్పిరిట్ బిళ్ళకూ అంతే వలయం వచ్చింది. మీరు ముందు మొదలుపెట్టినా, వెనక మొదలుపెట్టినా ఒకటే. ఆ రోజు సూది మందుకు వెళ్ళి ఉంటే కాలు ఉండేది.”

గేటు దగ్గర ఆమెకు సగమైనా అర్థమైనట్టు లేదు. “ఇంట్లోవాళ్ళే ఒక మాట మీద లేరు” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

అల్లుడు గోడ మీది పేపరు వైపు చూశాడు.

“మీకెప్పుడు తెలిసింది?”

“నెల దాటింది.”

“నా కూతురికి?”

“అదే చెప్పింది నాకు.”

లోపలి గదిలోంచి కందిరీగ వచ్చింది. తండ్రి మొహం చూడలేదు, నా మొహమే చూసింది. “చెప్పేశావా? నాన్న కాలు అయింది, ఇప్పుడు నా చదువు. ఇంకేం మిగిలిందో చూసుకో అమ్మమ్మా” అంది. గోడకు ఆనుకుని ఏడ్చింది. అదింకా ఏడుస్తూండగానే అల్లుడు అన్నాడు: “ఆమె ఆస్పత్రికి వెళ్ళిందో లేదో ఎవరైనా కనుక్కోండి.”

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున్న వెనకవైపు వెళితే స్థలమంతా మట్టి కనిపిస్తోంది. గడ్డిచామంతిని వేళ్ళతో సహా పీక్కుపోయారు. సంచి ఈడ్చిన గీత రోడ్డు దాకా ఉంది.

అల్లుడికి చెప్పాను. నిన్న మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం చంకకర్రలు అందుకున్నాడు.

“బండి పిలవండి. మీరూ రండి.”

“మీరెందుకు, నేను వెళ్ళి చెబుతాను.”

“నిన్న చెప్పారుగా. మీ మాట నమ్మరు. నా కాలు నమ్ముతారు.”

రంగులు వేసే అతని ఇల్లు ఎవరినడిగినా చూపించారు. ఒకటే గది. తలుపు పక్కన రంగు డబ్బాలు, నిచ్చెన. అతను చాప మీద పడుకుని ఉన్నాడు. పాదానికి తడి గుడ్డ, గుడ్డలోంచి ఆకుపచ్చ పసరు కారుతోంది. గదంతా స్పిరిట్ వాసన. కట్టే పద్ధతి ఆస్పత్రి వరండాలో నేర్చుకుని ఉంటుంది.

“ఆకులు లెక్కపెట్టుకోడానికి వచ్చారా?” అంది ఆమె నాతో.

అల్లుడు గుమ్మానికి ఆనుకున్నాడు. పిన్నీసు తీశాడు. ప్యాంటు పైకి మడిచాడు. ఇన్నాళ్ళూ నేనూ చూడలేదు. కుట్ల చోట చర్మం ముడుచుకుని, మూతి కట్టిన సంచిలా ఉంది.

“నాకూ ఇదే ఆకు. ఇలాగే కట్టారు. పుండు చక్కగా మూసుకుంది. మా అత్తయ్యగారు రోజూ కొలిచి మరీ చెప్పారు” అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. అతను కూడా చాప మీదినుంచి తల ఎత్తి చూశాడు. ముగ్గురూ నేనేమంటానో అని ఆగారు.

“అవును, కొలిచాను. సున్నా గళ్ళు వచ్చింది. నాలుగు రోజులకు పడిపోయాడు” అన్నాను.

గదిలో ఇంకేమీ అక్కర్లేకపోయింది. అతనే గుడ్డ లాగేసి, “నా చొక్కా ఇలా పడెయ్” అన్నాడు భార్యతో. ఆమె ఏడవలేదు. తిట్టింది. మమ్మల్ని, పేపరువాళ్ళని, మొగుణ్ణి, వరసగా. తిడుతూనే రిపోర్టులు సంచిలో పెట్టుకుంది. ఆ సంచిలోంచి ఆకులు దులిపింది.

మేము వచ్చిన బండిలోనే ఆస్పత్రికి బయలుదేరారు. భార్యాభర్తలు వెనక, రోగి కాలు చాపుకోవాలి. అల్లుడు ముందు కూర్చుని కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. డ్రైవరు నా వైపు చూసి, “పెద్దావిడకు చోటెలాగండీ?” అని అడిగాడు.

“పోనివ్వు” అన్నాడు అల్లుడు.

నడిచి వచ్చాను.